తెలుగు ఉత్కంఠ నవల – కౌమార పాఠకులు: దక్షిణ తెలంగాణ పఠన చరిత్రలో ఒక పార్శ్వం

తెలుగు నవలా చరిత్రల్లో అపరాధ పరిశోధక నవలకు దక్కే చోటు సాధారణంగా ఒకటి రెండు పేరాలు. వాటిలోనూ రచయితల పేర్లు, నవలల సంఖ్య కనిపిస్తాయి గాని ఆ నవలలను చదివినవారు కనిపించరు. ఆ చదువరుల్లో హైస్కూలు, ఇంటర్మీడియట్ విద్యార్థులది చిన్న వర్గం కాదు. అయితే ఆ నవలలేవీ ప్రత్యేకించి వారి కోసం రాసినవి కావు. కౌమారుల ఉత్కంఠ నవల అనే శాఖ తెలుగు ప్రచురణ రంగంలో స్థిరపడనే లేదు. శాఖ లేకపోయినా పాఠకులు మాత్రం తయారయ్యారు. వారు ఏ పుస్తకాల మీదుగా నడిచివచ్చారు, ఆ పుస్తకాల్లో వారి సొంత నేలకు చోటు దక్కిందా అన్న ప్రశ్నలకు జనగామ–సూర్యాపేట దారి మీది తిరుమలగిరి ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని సమాధానం వెదకవచ్చు.

ఈ ప్రాంతంలో తెలుగు చదవడం బడి నేర్పిన అలవాటు కాదు. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ విధానానికి శిఖరం. తెలుగు పుస్తకం బడి వెలుపల, ఉద్యమంగా వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక వెలువడ్డాయి. నల్లగొండ జిల్లాలోనే పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకాలను స్వయంగా ఊరూరా మోసుకుపోయి అమ్మాడు. అలా చేరిన పుస్తకానికి ఒక బాధ్యత అంటుకొని ఉండేది. వినోదం కోసం, ఇంకా సూటిగా చెప్పాలంటే భయపడటంలోని ఆనందం కోసం చదవడం ఆ దశలో ఊహించరానిది. 1948 తరువాత తెలుగు మాధ్యమం విస్తరించి, తొలి తరాల పిల్లలు హైస్కూలు దాకా వచ్చిన కాలమూ, మదరాసు, విజయవాడల నుంచి చౌక నవలలు రాసాగిన కాలమూ దాదాపు ఒకటే. ఈ ఏకకాలికత యాదృచ్ఛికమే కావచ్చు, కాని దాని ఫలితం చిన్నది కాదు.

ఈ పిల్లలకు ఉత్కంఠను తొలిగా రుచి చూపినది డిటెక్టివ్ నవల కాదు, చందమామ ధారావాహిక. 1954లో ‘తోకచుక్క’తో దాసరి సుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన వరుస ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’ మొదలైన వాటితో దశాబ్దాల పాటు సాగింది. ఈ రచనలను జానపద కథలుగా వర్గీకరించి వదిలేయడం వాడుక. నిర్మాణరీత్యా చూస్తే ఇవి సంపూర్ణమైన సస్పెన్సు నవలలు. ఇద్దరు యువమిత్రులు (శిఖిముఖి–విక్రమకేసరి, ఖడ్గవర్మ–జీవదత్తుడు) ఒక గమ్యం వైపు బయలుదేరుతారు. ప్రతి నెలా కథ ప్రమాదం అంచున ఆగుతుంది. తరువాతి సంచిక దాకా పాఠకుడు ఎదురుచూడాలి. రాకుమారుల చుట్టూ అల్లిన సంప్రదాయ కథలో నాయకుడి గెలుపు ముందే తెలిసినది. ఇక్కడ గెలుపు తెలిసినా దారి తెలియదు. కథాసూత్రాన్ని దాచి ఆలస్యంగా విప్పే విద్య తెలుగుకు కొత్తదేమీ కాదు. ‘కళాపూర్ణోదయం’లో పింగళి సూరన చేసినది అదే. దానికి నెలవారీ గడువు పెట్టి, చిత్ర వేసిన బొమ్మలు తోడు చేసి, పన్నెండేళ్ల పిల్లవాడికి అందించడమే చందమామ చేసిన కొత్త పని. రహస్యాలను ఇంత నేర్పుగా అల్లిన రచయిత పేరు ఆ పాఠకులకు చాలాకాలం తెలియకపోవడం ఇందులోని విచిత్రం.

చందమామ వయసు దాటిన చేతికి అందినది కొమ్మూరి సాంబశివరావు నవల. 1950ల చివరిలో వెలువడిన ‘ఉరితాడు’ మొదలు యుగంధర్, అతని సహాయకుడు రాజు తెలుగు పాఠకుల ఇళ్లలో పరిచితులయ్యారు. కొవ్వలి, జంపన అలవాటు చేసిన చౌక నవలా పఠనాన్ని కొమ్మూరి తర్కం వైపు తిప్పాడు. ఎవరు చంపారన్న కుతూహలంతో పాటు, ఆధారం నుంచి నిర్ధారణకు ఎలా చేరాలన్న శిక్షణ కూడా ఆ నవలల్లో ఉంది. పాఠ్యపుస్తకంలో మాటను కంఠస్థం చేయడమే చదువుగా ఉన్న చోట ఈ శిక్షణ విలువను తక్కువగా అంచనా వేయరాదు. ఆరుద్ర వంటి కవి, పరిశోధకుడు సైతం డిటెక్టివ్ నవలలు రాశాడన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఈ నవలలు చిన్న ఊళ్లకు చేరిన మార్గం అద్దె పుస్తకాల దుకాణం. 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయాల చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం శాఖా గ్రంథాలయాలకు దారి వేశాయి. అయితే కౌమార పాఠకుడికి కావలసినది బస్టాండు పక్కన కొట్లోనే దొరికేది. కొంత సొమ్ము ధరావతుగా ఉంచితే రోజు అద్దెకు నవల చేతికి వచ్చేది. ఈ అద్దె పద్ధతి చదివే వేగాన్నే మార్చివేసింది. రాత్రికి రాత్రి ముగించకపోతే మరునాడు మరో అద్దె. నాసిరకం కాగితం, చేతిలో ఇమిడే పరిమాణం, లెక్కల పుస్తకం చాటున దాగే వీలు, వీటన్నిటి వెనుకా ఈ అర్థశాస్త్రమే ఉంది. చివరి పుటలు చిరిగిపోయి హంతకుడెవరో తెలియకుండా మిగిలిన నవలల జ్ఞాపకం ఒక తరమంతటిదీ. దుకాణానికి వెళ్లే స్వేచ్ఛ సాధారణంగా మగపిల్లలది. అన్నదమ్ములు తెచ్చిన పుస్తకాన్ని తిరిగి ఇచ్చేలోగా చదవడం ఆడపిల్లల పఠన సమయం.

బెంగాలీతో పోలిక ఇక్కడ ప్రయోజనకరం. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో తెలుగు అపరాధ పరిశోధక నవల బెంగాలీ నుంచి, ముఖ్యంగా పాంచ్‌కడి దే రచనల నుంచి, అనువాదాలతో బలం పుంజుకొన్నది. 1965లో సత్యజిత్ రాయ్ ‘సందేశ్’ అనే పిల్లల పత్రికలో ఫెలూదాను ప్రవేశపెట్టినప్పుడు కథ చెప్పే బాధ్యతను కౌమారుడైన తోప్షేకు అప్పగించాడు. బెంగాలీ పిల్లవాడు తన వయసు కంటితో నేరాన్ని చూశాడు. యుగంధర్ వెంట ఉండే రాజు యువకుడే అయినా బాలుడు కాడు, అతను ఉద్యోగి. తెలుగు పిల్లవాడు పెద్దల లోకంలోకి దొంగచాటుగా తొంగిచూడవలసి వచ్చింది. పిల్లల పత్రికలు జానపదాన్ని విడవకపోవడం, డిటెక్టివ్ ప్రచురణకర్తలు అద్దె కొట్ల వయోజన ఖాతాదారులను వదులుకోలేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలని చెప్పవచ్చు. నండూరి రామమోహనరావు ‘కాంచనద్వీపం’ వంటి అనువాదాలు ఆ మధ్య ఖాళీని కొంత పూరించాయి గాని స్వతంత్ర రచన అటు సాగలేదు.

1970ల నుంచి మధుబాబు సృష్టించిన షాడో రంగాన్ని ఆక్రమించాడు. కులకర్ణి ఆజ్ఞతో బయలుదేరే ఈ ఏజెంటు వద్ద తర్కం కంటె చర్య ఎక్కువ. 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’తో ఉత్కంఠ క్షుద్రవిద్య వైపు మళ్లింది. ఈ నవల తెలంగాణ పల్లెలో చదివినప్పుడు కలిగించే ప్రభావం వేరు. చేతబడి, బాణామతి నెపంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఇక్కడి వాస్తవం. నగర పాఠకుడికి కల్పితమైన భయం ఇక్కడి పదిహేనేళ్ల పాఠకుడికి పక్కవాడలోని ఒంటరి ముసలిదానివైపు వేలుచూపే సాక్ష్యంగా మారగలదు. హేతువాద, జనవిజ్ఞాన కార్యకర్తల విమర్శను ఈ నేపథ్యంలో చూడాలి. ఈ నవలల పట్ల అభిమానం ఎంత ఉన్నా ఆ విమర్శను తోసిపుచ్చడం సరికాదు.

నేల విషయానికి వస్తే, యుగంధర్ కార్యక్షేత్రం మదరాసు; షాడోది ప్రపంచమంతా. తిరుమలగిరి పాఠకుడు మెరీనా తీరాన్ని, విదేశీ విమానాశ్రయాలను పుస్తకంలోనే తిరిగాడు. కోస్తా అచ్చు తెలుగును కుతూహలంతోనే నేర్చాడు. కాని అతని చుట్టూ ఉన్నది తక్కువ కథ కాదు. ఒకప్పుడు తిరుమలగిరి మండలంలోనే ఉండి ఇప్పుడు నాగారం మండలంలో చేరిన ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు శిథిలాలుగా నిలిచాయి. 1940లలోనే నిజాం పురావస్తుశాఖ దృష్టికి వచ్చిన ఈ గుట్టలో 2024 తవ్వకాల్లో మూడు వేలకు పైగా సీసపు నాణేలున్న కుండ బయటపడింది. ‘శిథిలాలయం’ కోసం నెలనెలా ఎదురుచూసిన పిల్లలకు నిజమైన శిథిలాలయం సైకిలు దూరంలోనే ఉన్నది. తుంగతుర్తి ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం పదేళ్ల వయసులో గోర్కీ ‘అమ్మ’ చదివి, కౌమారంలోనే సాయుధ దళంలో చేరి, రాజక్క అన్న మారుపేరుతో తిరిగింది. ఆమె తలపై పదివేల రూపాయల వెల ప్రకటించారు. మారుపేరు, రహస్య స్థావరం, తరుముకొచ్చే పోలీసు, ఇవన్నీ ఉన్నా ఈ వస్తువు ‘ప్రజల మనిషి’, ‘మోదుగుపూలు’ వంటి గంభీర నవలల దారిలో సాగిందే తప్ప కౌమారుల ఉత్కంఠ కథగా అచ్చుకెక్కలేదు. ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వెలువడేనాటికి అద్దె కొట్లు మూతపడి చాలాకాలమైంది.

శాఖా గ్రంథాలయానికి ప్రవేశ పట్టిక ఉంటుంది. అద్దె కొట్టు లెక్క నోటుపుస్తకంలోనిది. కొట్టుతో పాటే అదీ తూకానికి పోయింది. మిగిలినవి సెకండ్‌హ్యాండ్ పుస్తకాల గుట్టల్లో దొరికే ప్రతులు. వాటి అట్ట లోపలి పుట మీద దుకాణం రబ్బరు ముద్ర, పెన్సిలుతో వేసిన వరుస సంఖ్య, ఒక్కోసారి అంచుల్లో ఇంకో చదువరి ముందే రాసిపెట్టిన హంతకుడి పేరు కనిపిస్తాయి.