మాలిష్ నుంచి ఫిజియోథెరపీ దాకా

ఒంటి నొప్పి లేని ఇల్లు మన సిద్దిపేటలో వెతికినా దొరకదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి గొల్లభామ చీర నేసే నేతన్నకు నడుము నొప్పి. చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకే దాకా బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మెడ, భుజాలు పట్టేసుకుంటాయి. బస్తాలు మోసే హమాలీకి మోకాళ్ళు అరుగుతాయి. "ఏం జేస్తం, వయసు మీదబడ్డది" అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. కానీ నొప్పిని తగ్గించి, పడుకున్న మనిషిని మళ్ళీ నడిపించే విద్య ఒకటి వున్నది. దానికి పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రలో కొంత మన హైదరాబాదులోనే నడిచింది. సొసైటీ కుటుంబాలకు ఆ సంగతులు నాలుగు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

హకీంల గ్రంథాలలో ఏమున్నది?

నొప్పి అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేది హకీం సాబ్. యునానీ అంటేనే గ్రీకు దేశానికి చెందినది అని అర్థం. మన హకీంలు బుఖ్రాత్, జాలీనూస్ అని పిలిచే హిప్పొక్రటీస్, గాలెన్‌ల గ్రంథాలు 9వ శతాబ్దంలో బగ్దాదు పండితుల చేతుల మీదుగా అరబ్బీలోకి వచ్చాయి. ఆ విద్యనంతా ఒక్కచోట కూర్చినవాడు ఇబ్నె సీనా (980–1037). ఆయన రాసిన 'అల్ ఖానూన్' తరువాత లాటిన్‌లోకి వెళ్ళి, యూరప్ విశ్వవిద్యాలయాలలో వందల ఏళ్ళు పాఠ్యగ్రంథంగా నడిచింది.

ఆరోగ్యం నిలవడానికి తప్పనిసరి అయిన కారణాలు ఆరు అని యునానీ వైద్యం చెబుతుంది. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి ఒకటి, తిండి-నీరు ఒకటి, శరీరపు కదలిక-విశ్రాంతి ఒకటి, మనసు కదలిక-విశ్రాంతి ఒకటి, నిద్ర-మెలకువ ఒకటి, ఒంట్లో నిలవవలసినది నిలవడం, పోవలసినది పోవడం ఒకటి. వీటిలో మూడోదాన్ని గమనించండి. కదలికను, విశ్రాంతిని విడదీయలేదు. రెండింటినీ ఒకే మాటగా 'హరకత్-ఒ-సుకూన్' అన్నారు.

మందు మింగించకుండా చేసే చికిత్సకు 'ఇలాజ్ బిత్ తద్‌బీర్' అని పేరు. ఇందులో దల్క్ అంటే మాలిష్. రియాజత్ అంటే వ్యాయామం. తక్మీద్ అంటే కాపడం. హమ్మామ్, హిజామా వంటివి కూడా ఇందులోవే. మాలిష్ అంటే నూనె పూసి రుద్దడమే అనుకుంటాం గదా! ఇబ్నె సీనా దానిని రకాలుగా విడదీశాడు. గట్టిగా రుద్దితే ఒళ్ళు బిగుస్తుంది. మెత్తగా రుద్దితే సడలుతుంది. ఎక్కువసేపు రుద్దితే చిక్కిపోతుంది. మితంగా రుద్దితే పుష్టి వస్తుంది. అంతేగాక వ్యాయామానికి ముందు ఒంటిని సిద్ధం చేసే మాలిష్ వేరు, వ్యాయామం తరువాత అలుపు తీర్చే మాలిష్ వేరు అన్నాడు. అంటే మాలిష్ అనేది వ్యాయామానికి తోడుగా వుండవలసినదే గాని, వ్యాయామానికి బదులు కాదు.

హకీంల మందులలోనూ గట్టివి వున్నాయి. కీళ్ళ నొప్పులకు ఇచ్చే మాజూన్ సూరంజాన్ అందరికీ తెలిసినదే. కొల్చికమ్ జాతి మొక్కల దుంపనే సూరంజాన్ అంటారు. ఆ జాతి మొక్కల నుంచే 1820లో కొల్చిసిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. బొటనవేలు వాచి నిప్పులా మండే గౌట్ జబ్బుకు ఇంగ్లీషు డాక్టర్లు ఈనాటికీ దానిని రాస్తున్నారు. అయితే మోతాదు మించితే అదే విషం. కనుక ఎవరో చెప్పారని కొనుక్కుని మింగరాదు.

హైదరాబాదులో ఈ విద్యకు ప్రభుత్వ ఆదరణ దొరికింది. చార్మినార్ పక్కన, మక్కా మసీదుకు ఎదురుగా వున్న నిజామియా యునానీ దవాఖానా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టినది. తిబ్బీ కాలేజీ కూడా అక్కడే నడిచింది. మన జిల్లాల నుంచి బస్సెక్కి అక్కడికి పోయి మందు తెచ్చుకున్నవారు ఇప్పటికీ మన మధ్య వున్నారు.

ఇంత వున్నా, జనం వాడుకలో ఒక పొరపాటు జరిగింది. ఇంట్లో నూనె సీసా మిగిలింది, రియాజత్ పోయింది. హరకత్-ఒ-సుకూన్‌లో హరకత్‌ను వదిలేసి, సుకూన్‌ను పట్టుకున్నాం.

పహిల్వాన్ పట్టీ

పాతబస్తీ తాలీంఖానాలలో కుస్తీ నేర్చిన పహిల్వాన్లు బెణుకులు, ఎముకలు సరిచేసి పట్టీ కట్టడంలో పేరు పొందారు. కుస్తీలో రోజూ కీళ్ళు తప్పుతుంటాయి గనుక చేతి అనుభవం బాగా వుండేది. ఇటువంటిదే చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు కోసం దూర రాష్ట్రాల నుంచి జనం వస్తారు. బీదవాడికి అందుబాటులో వున్న వైద్యం అదే గనుక వీరి సేవను తక్కువ చేయరాదు.

కాని అపాయం కూడా చెప్పాలి. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టిన తరువాత ఎముక ఎక్కడ ఎట్లా విరిగిందో కంటితో చూడడం సాధ్యమైంది. చూడకుండా బిగించి కట్టిన కట్టు రక్తం పారకుండా ఆపితే వేళ్ళు నల్లబడతాయి, చెయ్యి కుళ్ళుతుంది. కట్టు కింద వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకు పెరిగినా ఆ క్షణమే కట్టు విప్పించి దవాఖానాకు పోవాలి.

యుద్ధాలు, పోలియో నేర్పిన పాఠం

ఇప్పుడు మనం ఫిజియోథెరపీ అనే విద్య ఇంగ్లండులో మాలిష్‌తోనే మొదలైంది. ఆ రోజుల్లో మాలిష్ పేరు చెప్పి కొన్నిచోట్ల చెడు వ్యాపారాలు నడిచి వృత్తికే మచ్చ వచ్చింది. అప్పుడు 1894లో నలుగురు నర్సులు పూనుకుని శిక్షణ, పరీక్షలు, నియమాలు గల సంఘం ఒకటి పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళు చేతులు దెబ్బతిన్న సిపాయిలు వేలకు వేలు తిరిగి వచ్చారు. వారిని మళ్ళీ పనిలో పెట్టడానికి ఈ విద్యే అక్కరకు వచ్చింది.

తరువాత పోలియో. పోలియో వచ్చిన కాలును కదలకుండా బద్దలతో బిగించాలని ఆనాటి డాక్టర్లు అనేవారు. ఆస్ట్రేలియాకు చెందిన ఎలిజబెత్ కెన్నీ అనే నర్సు ఎదురు చెప్పింది. వేడినీటిలో పిండిన ఉన్ని గుడ్డలతో కాపడం పెట్టి, మెల్లమెల్లగా కండరాలను కదిలించింది. పెద్ద డాక్టర్లు మొదట నవ్వారు. 1940లో ఆమె అమెరికా వెళ్ళిన తరువాత ఆమె పద్ధతి వ్యాపించింది.

మన దేశంలో ఈ విద్యకు మొదటి పాఠశాల 1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో మొదలైంది. 1955లో అదే నగరంలో హాజీ అలీ దగ్గర అఖిల భారత స్థాయి పునరావాస సంస్థ ఏర్పడింది. దర్గాకు పోయిన మనవాళ్ళు ఆ సంస్థ బోర్డు చూసే వుంటారు.

హైదరాబాదుకు వస్తే, 1960లలో ఏడవ నిజాం ట్రస్టు ధనంతో పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ ఏర్పడింది. ఎముకలు, కీళ్ళ జబ్బులకే ప్రత్యేకించిన దవాఖానా అది. 1980లలో అదే నిమ్స్‌గా మారింది. ఈనాడు అన్ని జబ్బులకూ చూసే ఆ పెద్ద ఆస్పత్రి పుట్టింది నడవలేనివారి కోసమే అని చాలామందికి తెలియదు.

జైపూర్ కాలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విదేశీ కృత్రిమ కాళ్ళు కుర్చీ మీద కూర్చునే, బూట్లు తొడిగే మనుషులకు చేసినవి. మనం నేల మీద కూర్చునేవాళ్ళం, చెప్పులు విడిచి తిరిగేవాళ్ళం. రామచంద్ర శర్మ అనే పనివాడు, పి.కె. సేథీ అనే డాక్టరు కలిసి 1968లో జైపూర్‌లో రబ్బరు పాదంతో మన బతుకుకు సరిపడే కాలు తయారు చేశారు. అది తొడుక్కుని పొలం గట్టున నడవవచ్చు, నేల మీద కూర్చోవచ్చు. కాలు పోయిన నమాజీకి ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కరలేదు. సేథీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది.

మా దాదీ సంగతి

ఇంత చరిత్ర చెప్పడానికి కారణం మా ఇంటి అనుభవం. 1983లో మా దాదీ స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. పట్నంలో ఆపరేషన్ బాగానే జరిగింది. పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. అందులో రోజూ చేయవలసిన వ్యాయామాలు ఇంగ్లీషులో వున్నాయి. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పదో తరగతి చదువుతున్నాను. నాకూ అర్థం కాలేదు. తెలిసినవారి దగ్గరికి తీసుకపోయి అడగాలన్న తెలివి కూడా రాలేదు.

దాదీ అంటే అందరికీ ప్రాణం. మంచం దిగనిచ్చేవాళ్ళం కాదు. పూటకొకరం నూనెతో కాళ్ళు పట్టేవాళ్ళం. ఆమె లేస్తానంటే "నువ్వు పండుకో దాదీ, మేమున్నం గద" అనేవాళ్ళం. మూడు నెలలకు మోకాళ్ళు బిగుసుకుపోయాయి, వీపున పుండ్లు పడ్డాయి. ఆమె మళ్ళీ నడవలేదు. "ఒక్కసారి నేల మీద సజ్దా చేస్తే చాలు బేటా" అనేది. ఆ కోరిక తీరకుండానే మరుసటి ఏడు వెళ్ళిపోయింది. ఆమెకు మా వల్ల ప్రేమలో లోటు జరగలేదు, కదలికలో జరిగింది.

అప్పట్లో నడుము నొప్పికి కూడా వారాల తరబడి పడక చెప్పేవారు. 1986లో అమెరికాలో డెయో అనే డాక్టరు, ఆయన తోటివారు ఒక పరీక్ష చేసి చూశారు. నడుము నొప్పితో వచ్చినవారిలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక చెప్పారు. ఏడు రోజులు పడుకున్నందువల్ల అదనపు లాభం కనపడలేదు. పైగా రెండు రోజులవారు పనికి ముందుగా పోయారు. ఈనాడు తుంటి ఆపరేషన్ అయినవారిని సాధారణంగా మరునాటికే లేపి నిలబెడుతున్నారు.

పక్షవాతం, అంటే ఫాలిజ్ విషయంలో మనం ఇంకా మారలేదు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అడవి పావురం కోసం వెతుకుతూ పొద్దు పోగొడతాం. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ముందు దవాఖానా, మిగతావి తరువాత. ప్రాణం నిలిచాక డాక్టరు చెప్పిన రోజు నుంచి రోజూ కొంచెం కొంచెం వ్యాయామం చేయించాలి. పడిపోయిన చేతితోనే గ్లాసు పట్టించాలి. చేసినకొద్దీ మెదడు కొత్త దారులు నేర్చుకుంటుంది.

ఇప్పుడు మన చేతిలో వున్నది

కాలం మారింది. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. 2014లో దేశం పోలియో రహితమని ప్రకటించారు. చుక్కల మందు మీద అనుమానాలు పెట్టుకోకుండా వేయించిన తల్లులకు ఆ పుణ్యంలో భాగం వున్నది. 2016లో సిద్దిపేట జిల్లా అయింది, 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అంగవైకల్యం గల పిల్లల కోసం మండలాలలో భవిత కేంద్రాలు పెట్టి, అక్కడ ఫిజియోథెరపీ చేయిస్తున్నారు.

అయినా ఆగిపోయేది ఇంటి గడప దగ్గరే. ఆపరేషన్‌కు చందాలు వేసుకుంటాం, తరువాతి మూడు నెలల వ్యాయామానికి ఎవరూ రూపాయి లెక్క వేయరు. ఆడవాళ్ళు మగ డాక్టరుకు నడుము చూపించలేక నొప్పితోనే బతుకు వెళ్ళదీస్తున్నారు. కనుక సొసైటీ పెద్దల ముందు మూడు మనవులు పెడుతున్నాను.

ఒకటి, వైద్య సహాయం ఇచ్చేటప్పుడు ఆపరేషన్ తరువాతి ఫిజియోథెరపీకి కూడా కొంత కేటాయించాలి. రెండు, ఇంటర్ చదివిన మన ఆడపిల్లలలో ఇష్టమున్నవారిని ఫిజియోథెరపీ డిగ్రీకి పంపి స్కాలర్‌షిప్ ఇవ్వాలి. ఇరవై ఇళ్ళ మధ్య ఒక్క అమ్మాయి ఈ విద్య నేర్చినా ఎందరు అమ్మీలు, నానీలు లేచి నిలబడతారో ఆలోచించండి. మూడు, వాకర్లు, చక్రాల కుర్చీలు కొన్ని కొని పెట్టి, అవసరమైన ఇంటికి ఇచ్చి, పని అయినాక తిరిగి తీసుకోవాలి.

ఇక యువకులకు ఒక మాట. మీ ఇంటి పెద్దలకు దవాఖానాలో ఏ కాగితం ఇచ్చినా మడిచి పెట్టెలో పెట్టకండి. అర్థం కాకపోతే అర్థమయ్యే దాకా నలుగురిని అడగండి. ఆనాడు నేను ఆ పని చేయలేదు.