పొర మీది ఉప్పు లెక్క

1902లో ఫ్లూగర్స్ ఆర్కివ్ అనే జర్మన్ పత్రిక ఒకే సంపుటంలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి జూలియస్ బెర్న్‌స్టయిన్ రాసినది, రెండోది ఎర్నెస్ట్ ఓవర్టన్ రాసినది. మొదటిదానికి వెంటనే పేరొచ్చింది. రెండోదాంట్లోని అసలు సంగతిని దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

కరెంటు తగిలితే చచ్చిన కప్ప కాలు ఎగిరిపడుతుందని ఇటలీలో గాల్వానీ 1791లోనే ప్రచురించాడు. జంతువు ఒంట్లోనే విద్యుత్తు ఎలా పుడుతుందో బెర్న్‌స్టయిన్ కణత్వచంతో, అంటే కణాన్ని చుట్టిన పొరతో వివరించాడు. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. విశ్రాంతిలో ఉన్న పొర పొటాషియాన్ని మాత్రమే పోనిస్తుంది. ధనావేశమున్న పొటాషియం కొంత బయటికి జారుకోగానే లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. నాడి స్పందించినప్పుడు పొర ఒక్క క్షణం కట్టు తప్పుతుంది, వోల్టేజి సున్నాకి పడిపోతుంది. ఇదీ ఆయన వాదం.

ఓవర్టన్ చేసింది చూడ్డానికి చిన్న ప్రయోగమే. కప్ప కండరాన్ని సోడియం లేని చక్కెర ద్రావణంలో ఉంచాడు. కండరం ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. కాస్త ఉప్పు కలిపితే మళ్లీ స్పందించింది. అంటే ఉద్రేకానికి సోడియం కావాలి, బహుశా అది లోపలికి వచ్చి పొటాషియం బయటికి పోతోంది. ఆయన అక్కడితో ఆగలేదు. గుండె డెబ్బై ఏళ్లు కొట్టుకున్నా రెండు వైపులా లవణాలు సమానం కాకుండా ఎలా నిలుస్తున్నాయని కూడా అడిగాడు. ఆ ప్రశ్నే ఇంకా గొప్పదనిపిస్తుంది.

ఇద్దరిలో ఎవరిది సరో తేల్చడానికి సాధనం లేదు. మామూలు నాడీతంతువు మిల్లీమీటరులో వందో వంతైనా ఉండదు, దానిలోకి తీగ దూర్చేదెలా? 1936లో జె.జెడ్. యంగ్ స్క్విడ్ అనే సముద్రజీవి శరీరంలోని ఒక గొట్టం రక్తనాళం కాదు, ఒంటరి నాడీతంతువని చూపించాడు. దాని మందం మిల్లీమీటరు దాకా ఉంటుంది. 1939లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు దానిలోకి సన్నని గాజు ఎలక్ట్రోడు దించారు. నాడి స్పందించినప్పుడు వోల్టేజి సున్నా దగ్గర ఆగలేదు, దాటి ధనవైపు సుమారు 40 మిల్లీవోల్టులకు ఎక్కింది. బెర్న్‌స్టయిన్ లెక్కకు ఇది సరిపడదు. కొన్ని వారాల్లోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఎందుకిలా జరిగిందో చెప్పకుండానే ఆ ఫలితాన్ని అచ్చుకిచ్చి, ఇద్దరూ యుద్ధ పనుల్లోకి వెళ్లిపోయారు.

యుద్ధం ముగిశాక హాడ్జ్‌కిన్, కాట్జ్ స్క్విడ్ నాడి చుట్టూ ఉన్న సముద్రపు నీటిలో సోడియం తగ్గించి చూశారు. వోల్టేజి శిఖరం తగ్గింది. 1949లో ఓవర్టన్ గెలిచాడు, కానీ అప్పటికి ఆయన పోయి పదహారేళ్లు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఈ సోడియం, పొటాషియం ప్రవాహాలను సమీకరణాల్లో పెట్టారు. కేంబ్రిడ్జి కంప్యూటరు అప్పుడు పనిచేయడం లేదు. హక్స్‌లీ బ్రన్స్‌విగా అనే చేతి గణన యంత్రాన్ని తిప్పుతూ లెక్కలన్నీ కట్టాడు. సంకేతం సెకనుకు 18.8 మీటర్లు పోవాలని లెక్క తేలింది, ప్రయోగంలో 21.2 వచ్చింది. చేతితో తిప్పిన యంత్రానికి ఇంతకన్నా దగ్గరతనం ఆశించడం అత్యాశ.

మరి డెబ్బై ఏళ్ల ప్రశ్న? 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ పీత కాళ్ల నాడుల్లో ఒక ఎంజైము పట్టుకున్నాడు. సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడే అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును గట్టిగా విడగొడుతుంది. ఒక్క ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుందని తరువాత తేలింది. ఆ ఏటీపీకి మనతో చుట్టరికం ఉంది: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే కలిసి 1929లో దాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. స్కౌకు నోబెల్ 1997లో గానీ రాలేదు.

అప్పటివరకూ పొరలో అయాన్లు పోయే ద్వారాన్ని చూసినవాళ్లు లేరు. 1976లో నేహర్, సాక్మన్ కప్ప కండరంపై సన్నని గాజు గొట్టం మొన ఆనించి ఒక్క ద్వారం తెరుచుకున్నప్పటి కరెంటును నమోదు చేశారు. 1998లో రోడరిక్ మెక్‌కినన్ ఒక బాక్టీరియా పొటాషియం ద్వారం ఆకృతిని ఎక్స్-రేలతో తేల్చాడు. సోడియం అయాను పొటాషియం కన్నా చిన్నది, అయినా దాన్ని ఆ ద్వారం పోనివ్వదు. ద్వారం ఇరుకు చోట వరసగా ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. నీటి తొడుగు వదిలి వచ్చిన పొటాషియంను అవి చుట్టూ చేరి సరిగ్గా పట్టుకుంటాయి. సోడియానికి అవి సన్నవేలికి వదులు ఉంగరంలాంటివి, అందుకే అది నీటిని వదులుకుని లోపలికి రావడం గిట్టుబాటు కాదు.