ఉమ్మడి పెరటి చరిత్రము

మా నాలుగిండ్లకును వెనుకప్రక్క ఒక ఉమ్మడి పెరడు కలదు. నడుమ గోడ లేదు. ఎవరు నాటిన చెట్టయినను పూలును కాయలును అందరివే. మొన్న ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని ఆ పెరటిలోని మొక్కల పేర్లన్నియు ఒక కాగితముపై వ్రాయబూనితిమి. పేరుప్రక్కనే పుట్టినిల్లు కూడ వ్రాయవలెనని ఒక బాలిక పట్టుపట్టెను. ఆ పట్టుదలవలన మా పెరడు మాకొక చరిత్ర గ్రంథమైనది.

మామిడి, వంగ, కరివేప, తులసి, వీనియెడ చిక్కు కలుగలేదు. ఇవి ఈ దేశమునకు పాతకాపులు. తులసికోట దాటి మిరపమొక్క యొద్దకు వచ్చునప్పటికి కలము ఆగినది. మిరప లేని ఆంధ్రభోజనమును ఊహింపగలమా? అయినను దాని జన్మస్థానము అమెరికాఖండము. 1492లో కొలంబసు అట్లాంటిక్ సముద్రమును దాటిన పిదపనే అది తక్కిన లోకమునకు తెలిసినది. 1498లో వాస్కోడగామా కళ్లికోట చేరెను; 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. మిరప, అనాస, జీడిమామిడి వారి యోడలలోనే మన తీరములకు వచ్చెను. జామయు, బొప్పాయియు, సీతాఫలమును ఆ ఖండమువే. కాబట్టి నన్నయభట్టు గాని రుద్రమదేవి గాని మిరపకాయ రుచి నెరుగరు. 1509లో రాజ్యమునకు వచ్చిననాడు శ్రీకృష్ణదేవరాయల వంటశాలలో కారము మిరియములదే.

వచ్చినవానికి మనవారు పేర్లు పెట్టిన విధము మిక్కిలి ముచ్చటైనది. మిరియమువలె ఘాటుగా నున్నది గనుక దానికి చుట్టరికము కలిపి మిరప యనిరి. బ్రెజిలు దేశపు చెట్టును చూచి, బట్టలకు గురుతుపెట్టు నల్లజీడిని, మామిడిని తలచుకొని జీడిమామిడి యనిరి. వృక్షశాస్త్రజ్ఞులును ఈ మూడింటిని ఒక్క కుటుంబముననే చేర్చియున్నారు. టమాటను ములకకు బంధువని గుర్తించి రామములక యని పిలిచిరి. శాస్త్రమును అవి రెండును ఒక్క ప్రజాతివే యనుచున్నది. ఈ పేర్లు పెట్టినవారు పండితులు కారు, పొలములలోను వంటయిండ్లలోను పనిచేసినవారు.

పూలమాట ఇంతకంటె వింత. పండుగనాడు గడపకు కట్టు బంతిపూవు మెక్సికో దేశపుది. అచ్చటివారు దానిని మృతుల పూజకు వాడుదురు. మనము శుభకార్యమునకు తోరణము కట్టుదుము. గుడి ఆవరణములలో తెల్లగా రాలు దేవగన్నేరును అమెరికానుండి వచ్చినదే. వచ్చిన పూవునకు దేవుని పేరే పెట్టితిమి, పండునకు సీతమ్మ పేరు పెట్టితిమి. చింతచెట్టు సంగతి వినుడు. అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆ మాటనుండియే ఇంగ్లీషు పేరు పుట్టినది. కాని చింత ఆఫ్రికాలో పుట్టి, అతి ప్రాచీనకాలముననే మనదేశము చేరినది.

ఇదియంతయు మన పెద్దలు మరచిరనుకొనరాదు. పలు ఇండ్లలో తద్దినపు వంటకు నేటికిని మిరపకాయ పనికిరాదు, మిరియమే వేయుదురు. టమాట, బంగాళాదుంప, క్యాబేజి ఆనాడు పొయ్యి యెక్కవు. మన యవ్వలు చరిత్ర పుస్తకములు చదువకయే, ఏ కూర పాతది, ఏది వచ్చినది అను జాబితాను వంటయింటిలో భద్రపరచిరి. ఏడాదికొకనాడు పాతదానిని స్మరించి, తక్కిన దినములలో క్రొత్తదానిని తినిరి. అనాదిగా వచ్చుచున్నదని మనము వాదించు ఆచారమునందు వారు ఎంత క్రొత్తను కలుపుకొనిరో చూడుడు.

చదువరులారా, ఈ చరిత్రలో ఒక దుఃఖము కూడ కలదు. మిరపను, టమాటను వేలయేండ్లు సాగుచేసి మంచి విత్తనము నిలిపిన అమెరికా ఆదివాసుల పేర్లు ఎచ్చటను లేవు. ఓడలు వచ్చిన పిదప వారు యుద్ధములచేతను, క్రొత్త రోగములచేతను లక్షలుగా నశించిరి. వారి శ్రమఫలము దినమును మన విస్తరిలో నున్నది.

మరియొక దుఃఖము మన యింటిది. సముద్రములు దాటివచ్చిన దేవగన్నేరు గుడిలోపల పూచుచుండగా, ఆ యూరనే పుట్టిన మనుష్యులు గోడవెలుపల నిలువవలసివచ్చెను. 1947లో మద్రాసు రాష్ట్రపు దేవాలయప్రవేశ శాసనము తలుపులు తీయించెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను. అయినను శాసనము చేరలేని తలుపులు ఇండ్లలో కొన్ని మిగిలియున్నవి.

జాబితా ముగిసిన సాయంకాలము పెరటికి నీరుపోయు ఆమె పని ముగించి, కిటికీగూటిలో బోర్లించియున్న తన గ్లాసును తీసికొని నీళ్లు త్రాగెను. కాగితము పట్టుకొనియున్న బాలిక, ఆ గ్లాసు వేరుగా నేలయున్నదని మమ్మడిగెను. అనాదినుండి అట్లే యని చెప్పుటకు మాకు నోరు రాలేదు, ఏలయన అనాది యనగా ఎంతయో అప్పుడే లెక్కవేసియుంటిమి. మరునాడు ఆ గ్లాసును వంటయింటిలో మా గ్లాసుల వరుసలో పెట్టితిమి. ఈ పని చేయుటకు ఇన్నేండ్లు పట్టినందుకు సిగ్గుపడుచు ఈ మాట వ్రాయుచున్నాము. మీ కిటికీగూటిని కూడ ఒకసారి చూచుకొనుడు.