వైఫై చరిత్ర: టెలివిజను ఆగిపోవు మెట్లు

గోడపై స్మార్ట్ టెలివిజను వెలుగుచునే యుండును. కార్యక్రమము మాత్రము రాదు. వైఫైతో సంబంధము కుదరలేదను వాక్యమొక్కటే తెరపై కనిపించును. అదే గదిలో చేతిఫోను చక్కగా పనిచేయుచుండును. ఇట్టి సమయమున టెలివిజను చెడిపోయినదని తలచి మరమ్మతుకు పంపువారు కలరు. కాని అనేక సందర్భములలో యంత్రమునందు లోపమేమియు ఉండదు. ఇంటి వైఫైతో కలియుటకు టెలివిజను కొన్ని మెట్లు ఎక్కవలెను. ఆ మెట్లు వేర్వేరు కాలములలో, వేర్వేరు అవసరముల కొరకు కట్టబడినవి. వాటి చరిత్ర తెలిసినచో టెలివిజను ఎక్కడ ఆగినదో కనుగొనుట సులభమగును.

అలోహా ఉపాయము

తీగపై పోవు సమాచారమునకు దాని దారి దానికుండును. రేడియో తరంగములకు అట్టి వేరు దారులు లేవు. ఒకే పౌనఃపున్యముపై ఇద్దరు ఒకేసారి పంపినచో రెండును కలిసి చెడిపోవును. హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రమ్‌సన్, ఆయన సహచరులు ఈ చిక్కునకు ఒక ఉపాయము కనిపెట్టి 1971లో అమలుపరచిరి. సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా కట్టి ఒక దీవి నుండి మరియొక దీవికి రేడియోపై పంపిరి. పొట్లము చేరినట్లు జవాబు రానిచో, పంపిన కేంద్రము లాటరీ తీసినట్లుగా ఏదో కొంత కాలము ఎన్నుకొని, అంతవరకు ఆగి మరల పంపెడిది. ఇద్దరును ఒకే కాలమును ఎన్నుకొనుట అరుదు గనుక రెండవసారి పొట్లములు ఢీకొనవు. ఈ పద్ధతికి అలోహా అని పేరు.

నేటి వైఫై పరికరము పంపుటకు ముందు వినును. ఎవరును పంపుట లేదని తెలిసిన పిదపనే పంపును. ఐనను ఆగి మరల యత్నించుటయను సూత్రము అలోహా నాటిదే. ఇరుగుపొరుగు ఇండ్ల రౌటర్లు ఎక్కువైనపుడు మన టెలివిజను వంతు కొరకు వేచియుండుట ఇందువలననే.

పొయ్యికి కేటాయించిన తరంగములు

రెండవ ప్రపంచ యుద్ధమున రాడారు కొరకు వాడిన మాగ్నెట్రాను గొట్టము ఆహారమును వేడిచేయగలదని గుర్తించి, అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అను ఇంజనీరు 1945లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశము, పరిశ్రమలు, విజ్ఞానము, వైద్యము అను మూడింటి అవసరములకై కొన్ని పౌనఃపున్యములను విడిచిపెట్టెను. 2,450 మెగాహెర్ట్జుల పరిసరములు వాటిలో చేరినవి. వార్తలు పంపువారు అచ్చటికి వచ్చినచో యంత్రముల అలజడిని సహింపవలసినదే. అందుచేత చాలకాలము దానిని కోరినవారు తక్కువ.

1985 మే 9వ తేదీన అమెరికా కమ్యూనికేషన్ల కమిషను, తక్కువ శక్తితో, విస్తృత పౌనఃపున్యములపై పరచి పంపు సాధనములను లైసెన్సు లేకయే ఇచ్చట వాడుకొనవచ్చునని అనుమతించెను. హాలండులో ఎన్.సి.ఆర్. సంస్థ ఇంజనీర్లు దుకాణముల నగదు యంత్రములను తీగలు లేకుండ కలుపుటకు ఈ అవకాశమును వినియోగించుకొనిరి. వారిలో ఒకరైన విక్ హేస్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము కృషి ఫలితముగా 1997లో 802.11 అను ప్రమాణము వెలువడెను. అప్పటి వేగము సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11 మెగాబిట్లకు పెరిగెను. వైఫై అను పేరు కూడ 1999లోనిదే. మన దేశములో 2.4 గిగాహెర్ట్జుల వాడుకకు 2005లో లైసెన్సు తొలగింపబడెను.

లైసెన్సు లేనందున వైఫై ప్రతి ఇంటికి చౌకగా వచ్చినది. అదే కారణమున దానికి రక్షణయు లేదు. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేయుచుండగా టెలివిజను తడబడినచో, 1947 నాటి ఆ కేటాయింపే అందులకు మూలము. రౌటరును పొయ్యికి దూరముగా పెట్టుట, చానలు మార్చుట దీనికి మందు.

గోడల ప్రతిధ్వనులు

గదిలో తరంగము గోడలకు తగిలి పలు మార్గములలో వచ్చుటచే ప్రతిధ్వనులవలె ఒకదానిపై ఒకటి పడును. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థలో జాన్ ఓసల్లివన్ బృందము, సమాచారమును అనేక పౌనఃపున్యములపై పంచి నెమ్మదిగా పంపి ఈ బాధను తప్పించెను. దీనికి 1996లో అమెరికా పేటెంటు లభించెను. ఓసల్లివన్ అంతకు పూర్వము, పేలుచున్న చిన్న కృష్ణబిలముల నుండి రేడియో సంకేతములు వచ్చునేమోయని వెదకినవాడు. అవి దొరకలేదు గాని ఆ గణితము ఇండ్లకు పనికివచ్చినది.

1999లో 5 గిగాహెర్ట్జుల ప్రమాణము కూడ వెలువడెను. దాని తరంగదైర్ఘ్యము సుమారు 6 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జులది సుమారు 12. పొట్టి తరంగము వేగమునకు అనుకూలము గాని గోడలు దాటుటలో బలహీనము. కొన్ని టెలివిజన్లకు 2.4 మాత్రమే తెలియును. రౌటరు 5 మాత్రమే ప్రసరించినచో వాటికి దాని పేరే కనబడదు.

తాళము, చిరునామా, గడియారము

1997లో వైఫైకి వేసిన తాళము పేరు వెప్. దానిని విప్పు మార్గమును 2001లో గణితజ్ఞులు చూపిరి. 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో దాని రెండవ రూపము, 2018లో మూడవది వచ్చినవి. రౌటరు మూడవ రూపమునే కోరినచో, పాత టెలివిజను పాస్‌వర్డు సరిగా ఇచ్చినను లోనికి పోజాలదు. రౌటరులో రెండవ, మూడవ రూపములు రెండింటిని అనుమతించు అమరికను ఎన్నుకొనవలెను. వెప్‌కు మరలిపోరాదు.

లోనికి పోయిన టెలివిజనుకు రౌటరు ఒక సంఖ్యను చిరునామాగా ఇచ్చును. 1993లో ప్రమాణమైన ఈ పద్ధతిలో చిరునామా అద్దె ఇల్లువంటిది, గడువు ఉండును. ఇందు తికమక కలిగినచో రెండింటిని కొద్ది నిమిషములు ఆపి, ముందు రౌటరును, పిదప టెలివిజనును వెలిగించిన చాలును.

చివరి మెట్టు గడియారము. ఇంటర్నెట్టులోని సంస్థ తన గుర్తింపు పత్రమును చూపును. దానికి ఆరంభ, అంత్య తేదీలుండును. టెలివిజను తేదీ వెనుకకు పోయినచో మంచి పత్రము కూడ చెల్లదు.

కావున వెదకుటకు ఒక క్రమమున్నది. రౌటరు పేరు కనబడనిచో దోషము తరంగములలో వెదకవలెను. పాస్‌వర్డు వద్ద ఆగినచో తాళములో. కలిసినట్లు చెప్పి ముందుకు సాగనిచో చిరునామాలో. అదియు సరియైనచో గడియారములో. ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితము చూచుట ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చు పద్ధతియే. మరమ్మతు ఖర్చుకు పూనుకొనుటకు ముందు ఇంటిలో దానిని పాటించి చూడవచ్చును.