స్టైరీన్
స్టైరీన్ అనేది పాలీస్టైరీన్ ప్లాస్టిక్, కృత్రిమ రబ్బరు, ఫైబర్‌గ్లాస్ రెజిన్ల తయారీకి ముడిసరుకైన, 145 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే, రంగులేని విష ద్రవం. 1839లో జర్మన్ ఔషధ నిపుణుడు ఎడ్వర్డ్ సైమన్ దీనిని స్టోరాక్స్ అనే చెట్టు బంక నుంచి వేరుచేశాడు.

ఫైబర్‌గ్లాస్ పడవల తయారీలో అచ్చుపై గాజు నారను పరచి, రెజిన్‌ను రోలరుతో అదిమే కార్మికుడికి ముప్పు అధికం. రెజిన్ గట్టిపడేలోగా అందులోని స్టైరీన్ కొంత ఆవిరై, తీపి వాసనతో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. కళ్లమంట, తలనొప్పి, మగత తొలి లక్షణాలు కాగా, ఏళ్ల తరబడి పీల్చినవారిలో వినికిడి, రంగులను గుర్తించే శక్తి తగ్గవచ్చు. కాలేయం దీనిని మాండెలిక్ ఆమ్లంగా మారుస్తుంది కనుక, పని ముగిసిన వేళ తీసిన మూత్ర నమూనాలో ఆ ఆమ్లాన్ని కొలిచి, ఒంట్లో చేరిన మోతాదును అంచనా వేస్తారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీనిని, మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం మెండుగా ఉన్న పదార్థాల వర్గమైన 2ఏలో చేర్చింది. అమెరికా చట్టం ఎనిమిది గంటల సగటున పది లక్షల భాగాల గాలిలో 100 భాగాల వరకు అనుమతిస్తున్నా, ఆ దేశపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థే 50 భాగాలను మించరాదని సూచించినందున, ఆ పరిమితి చాలినంత రక్షణ కాదు.

నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగి, నిరోధక రసాయనం తగ్గితే, స్టైరీన్ అణువులు తమంతట తామే గొలుసుకట్టి మరింత వేడిని పుట్టిస్తాయి; ఆ వేడికి ద్రవం ఆవిరై బయటికి వస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఈ విధంగానే వెలువడిన ఆవిరి నిద్రలో ఉన్న ఇళ్లను కమ్మి 12 మందిని బలిగొన్నది.