నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు: ఒక రైతు యిల్లాలి చరిత్రము

ఈ వార్షిక మహాసభా సంచికకై మన సంఘమున పూర్వము వెలసిన మహనీయుల నొకరిని గూర్చి వ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్నాదేశించిరి. పండితులను, కవులను, న్యాయవాదులను, ఉద్యోగులను గూర్చి ఇట్టి సంచికలలో పలుమారులు వ్రాయబడియే యున్నది. వారిలో నించుమించుగా నందఱును పురుషులే. కావున నేనీ పర్యాయము గ్రంథము వ్రాయని, సభ నెక్కని, పొలమును పాడిని నమ్ముకొని యొక పల్లెలో జీవితము గడపిన రైతు యిల్లాలిని స్మరింప దలంచితిని. ఆమె లంకల గన్నవరమున గృహిణీధర్మము నెఱపిన డొక్కా సీతమ్మగారు.

ఆమె అన్నదానమును గూర్చిన కథలు మన యిండ్లలో నందఱు నెఱిగినవే. అయితే ఆ కథలవలన మనకొక నష్టమును గలిగినది. ఆమెను అపరాన్నపూర్ణ యని చేతులు జోడించితిమి గాని, ఆ యన్నము ఏ పొలమునుండి వచ్చెను, ఎవరు దంచిరి, ఎవరు వండిరి, ఎవరు వడ్డించిరి అను ప్రశ్నలను మఱచితిమి. దేవతకు శ్రమ లేదు. మనుష్య స్త్రీకి కలదు. ఆ శ్రమను గూర్చియే ఈ వ్యాసమున ప్రధానముగా విన్నవింతును.

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున గోదావరి మండలమందలి మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుటచేత ఆ తండ్రిని ఊరివారు బువ్వన్న యని పిలిచెడివారని ప్రతీతి. గన్నవరమున వేదపండితులును, సంపన్నులగు రైతులును అయిన డొక్కా జోగన్నగారు ఒకప్పు డా యింట అతిథిగా నుండి, ఆ కన్య చేసిన యుపచారములను జూచి ఆమెను వరించిరని పెద్దలు చెప్పుదురు. అన్నము పెట్టు చేయి ఆమెకు పుట్టినింటనే అబ్బినది. దానికి పొలము తోడైనది అత్తవారింట.

ఆనాటి దేశస్థితిని కొంచెము తెలిసికొననిదే ఆ చేతి విలువ మనకు బోధపడదు. ఆమె పుట్టుటకు ముందు పదేండ్లలోపుననే, 1832-33 సంవత్సరములలో, నందన కఱవు సర్కారు జిల్లాలను పాడుచేసినది. 1839 నవంబరులో కోరంగి తీరమును తుపాను ముంచినది. గోదావరి ప్రక్కనే పాఱుచున్నను, నీటిని నిలిపి పొలమునకు మళ్లించు సాధనము లేకపోవుటచేత డెల్టా రైతు వానకై ఆకాశమువంక జూచుచుండెడివాడు. 1847వ సంవత్సరమున ఆర్థర్ కాటన్ దొరగారి యాజమాన్యమున ధవళేశ్వరము ఆనకట్ట ప్రారంభమై 1852వ సంవత్సరమున ముగిసినది. అప్పటికి సీతమ్మగారు బాలిక. అనగా ఆనకట్టయు ఆమెయు ఒక్క కాలముననే పెరిగిరి. కాలువలు వచ్చినవి, మెట్టలు మాగాణులైనవి. 1876-78 నాటి ధాత కఱవులో దక్షిణదేశము అలమటించుచుండగా గోదావరి డెల్టా పండి, పరులకు ధాన్యము పంపగలిగినది. సీతమ్మగారి గాదెను నింపినది ఈ నీరే.

ఇక ఊరి ఉనికి. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమియనియు వసిష్ఠయనియు చీలును. ఆ రెండింటి నడుమనున్నది కోనసీమ. వసిష్ఠనుండి మఱల చీలిన పాయ వైనతేయ. ఆ పాయ యొడ్డుననే గన్నవరమున్నది. కాలువ నీటిని నదిమీదుగా ఆవలి సీమకు దాటించుటకై అచ్చట 49 కమానుల అక్విడక్టును 19వ శతాబ్ది నడిమి కాలమున నిర్మించిరి. నేడు వంతెనలున్నవి గాని, ఆ కాలమున కోనసీమలో ప్రయాణమనగా పడవ, రేవు, కాలినడక. వరద వచ్చిన పడవ కదలదు. ప్రొద్దు గ్రుంకిన రేవు దాటదు. పూటకూళ్ల యిండ్లు పట్టణములందే గాని లంకలలో లేవు. మాఘమాసమున అంతర్వేది నరసింహస్వామి కల్యాణమునకు బోవు యాత్రికులు, పెండ్లివారు, బేరగాండ్రు, కూలివారు, చదువుకొను పిల్లలు ఏ వేళ ఏ రేవున చిక్కుపడుదురో తెలియదు. అట్టి త్రోవలో తలుపు మూయని యొక యిల్లుండుట పుణ్యకార్యము మాత్రమే కాదు. ఆ సీమకది రేవువంటి యవసరము.

ఈ యవసరమును తీర్చుటకు ఏమి కావలెను? పాత కొలతల పట్టికను జ్ఞప్తికి తెచ్చుకొందము. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచము. నాలుగు కుంచములు ఒక తూము. 20 తూములు ఒక పుట్టి. పూటకు 64 మంది భుజించిరని అనుకొందము. మనిషికి సోలెడు బియ్యము చొప్పున 64 సోలలు, అనగా సరిగా ఒక తూము. ధాన్యమును దంచిన సుమారు సగపాలు బియ్యమగును గనుక ఆ పూటకు రెండు తూముల ధాన్యము వలయును. దినమునకు రెండు పూటలు. అయిదు దినములకు ఒక పుట్టి. సంవత్సరమునకు 73 పుట్లు. ఇది బడిపంతులు వేసిన లెక్కయే గాని ఆ యింటి పద్దు కాదు. అయినను అన్నదానమనునది ఉదారమైన మనస్సుతో మాత్రమే జరుగునది కాదని ఈ లెక్క చెప్పుచున్నది.

ధాన్యము గాదెలో నున్నంతమాత్రమున అన్నము కాదు. దానిని ఎండబోయవలెను, రోట దంచవలెను, చెఱుగవలెను, నూకలను వేఱుచేయవలెను. తవుడు పశువులకు, ఊక పొయ్యికి పోవలెను. పాడి లేక మజ్జిగ లేదు. గడ్డివామి లేక పాడి లేదు. వేసవిలో ఆవకాయ, మాగాయ జాడీలకెత్తకున్న వానకాలమున అర్ధరాత్రి వచ్చిన అతిథికి విస్తరిలో వేయుటకేమియు నుండదు. చిన్నుకులు పడకముందే వంటచెఱకు చూరు క్రిందికి చేరవలెను. తోటలోని అరటాకులు కోయించి విస్తళ్లు సిద్ధపఱుపవలెను. కోనసీమ రైతు గృహమున ఈ పనులన్నిటికి కర్త యిల్లాలే. యజమాని పొలమున పండించినదానిని ఏడాది పొడవున తఱుగకుండ, చెడకుండ, చాలునట్లు నడపునది ఆమె. వ్యవసాయమున సగము పొలములో జరుగును. సగము పెరటిలో జరుగును. మన చరిత్రకారులు మొదటి సగమునే వ్రాసిరి.

ఈ పనియంతయు సీతమ్మగారొక్కరే చేసిరనుటయు సత్యము కాదు. రోకలి పట్టిన దంపుడు స్త్రీలు, నాగలి పట్టిన పాలేర్లు, అంట్లు తోమినవారు, కట్టెలు కొట్టినవారు ఆ కీర్తిలో భాగస్థులు. వారిలో నొక్కరి పేరైనను మన స్మృతిలో నిలువలేదు. పెద్దల కీర్తి చెప్పునపుడు ఈ ఋణమును గూడ చెప్పుకొనుట న్యాయము.

ఆమెను గూర్చిన కథలలో రెంటిని మాత్రము స్మరింతును. ఒకప్పుడామె అంతర్వేది స్వామి దర్శనమునకై పల్లకిలో బయలుదేఱిరట. త్రోవలో విడిదిచేసిన చోట ఎదురైన పెండ్లివారి గుంపులో పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, గన్నవరము చేరినచో సీతమ్మగారింట అన్నము తినవచ్చునని పెద్దలు వారిని ఓదార్చుచుండిరట. ఆ మాట చెవిని బడినంతనే ఆమె పల్లకిని వెనుకకు మరలించి, వారికంటె ముందుగా నిల్లు చేరి వంట చేయించిరట. మానవసేవయే మాధవసేవ యని చెప్పుటకు ఈ కథను వినియోగింతురు. నాకు దీనియందు మఱియొక సంగతి కానవచ్చుచున్నది. తాను లేని యింట పొయ్యి రగులునో లేదో యని ఆ యిల్లాలికి సందేహము. ఉద్యోగికి సెలవు గలదు. పండితునికి అనధ్యయన దినము గలదు. పశువుకైన ఏరువాకనాడు పూజ గలదు. రైతు యిల్లాలికి మాత్రము కొన్ని క్రోసుల దూరముననున్న దేవుని జూచుటకు నొక్క దినము తీరిక లేదు. ఆమె మరలి వచ్చినదని మనము సంతోషింతుము. ఆమెకు దర్శనము కాలేదని ఆ కథ చెప్పువారెవరును చింతింపరు.

రెండవది లోకప్రసిద్ధము. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903 జనవరి 1వ తేదీని ఢిల్లీలో దర్బారు జరిగినది. ఆ యుత్సవ సందర్భమున సీతమ్మగారికి దొరతనమువారి ఆహ్వానము వచ్చెననియు, తాను వెడలినచో అతిథులకు లోపము కలుగునని ఆమె నిరాకరించిరనియు, అంతట అధికారులు ఆమె ఛాయాచిత్రమును తీయించి పంపిరనియు చెప్పుదురు. చక్రవర్తికిని పెండ్లివారి పిల్లలకును ఆమె చెప్పిన సమాధానమొక్కటియే: ఇంట పనియున్నది. 1909 ఏప్రిల్ 28వ తేదీని ఆమె పరమపదించువఱకు ఆ పని యామెను విడువలేదు.

సంస్కృతము చదివినవాడనగుటచే నొక మాట మనవి చేయుదును. తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపరాదని చెప్పి, పిమ్మట అన్నమును విస్తారముగా సమకూర్చవలెనని చెప్పి, అటుపిమ్మటనే నివాసము కోరి వచ్చినవానిని కాదనరాదని విధించినది. ఈ క్రమము గమనింపదగినది. మొదట కృషి, తరువాత ఆతిథ్యము. ఈ మంత్రములను స్వరము తప్పక వల్లించినవారు మనలో పెక్కుమంది. దాని క్రమమును గాదెనుండి విస్తరివఱకు ఆచరించి చూపినది వేదము చదువుటకు అధికారము లేదని మన పెద్దలు త్రోసిపుచ్చిన స్త్రీజాతిలోని యొక గృహిణి.

ఆమె మన కులమున బుట్టినదని మనము గర్వించుచున్నాము; గర్వింపవచ్చును. కాని ఆ గర్వమునకొక షరతు గలదు. ఆకలిగొన్నవానిని ఆమె కులమడుగలేదని ప్రసిద్ధి. ఆనాటి యాచారమునుబట్టి పంక్తులు వేఱుగా నుండియుండవచ్చును. కాని అన్నము లేదనిపించుకొని ఆ గుమ్మమునుండి మరలినవాడు లేడు. కులమడుగకుండ పెట్టిన చేతిని కులము పేర స్తుతించునపుడు మన మాట కొంచెము తడబడవలెను. ఆమె మనవారిదగుటకంటె ముందు ఆ రేవు దాటిన ప్రతివారిదియు.

ఇచ్చట నా స్వవిషయమొక్కటి విన్నవించి ముగింతును. నేను సంస్కృతము చదువు దినములలో వారములు చేసికొని బ్రదికితిని. గురువారము నాకన్నము పెట్టినది ఊరి చివరనున్న యొక చిన్న రైతు గృహము. ఆ యిల్లాలు తెల్లవారుజామున పాలు పిదికి, పొలమునకు చలిది పంపి, నేను బడికి పోవులోపల వేడియన్నము వడ్డించెడిది. నాలుగేండ్లు తింటిని. శబ్దరూపములన్నియు నేర్చితిని గాని ఆమె పేరును నేర్వలేదు. అందఱును ఫలానావారి భార్య యనియు, ఫలానావాని తల్లి యనియు పిలుచుచుండిరి. నేను 'అమ్మా' యంటిని. ఉద్యోగము దొరకిన పిమ్మట నొకమారు వెదకికొని పోగా ఇల్లు చేతులు మాఱినది, ఆమె గతించినది. గత సంవత్సరము మన శాఖా వంశవృక్షములో ఆ కుటుంబమును వెదకితిని. తాతలు, తండ్రులు, కుమారులు, గోత్రము అన్నియు నున్నవి. ఆమె పేరు లేదు. ఆ యన్నము నా శరీరమైనది. ఆ పేరు నాకు దక్కలేదు.

సీతమ్మగారి భాగ్యము వేఱు. జోగన్నగారి భార్యగా ఆ యూరికి వచ్చిన యామె పేరే నిలిచి, నేడాయనను సీతమ్మగారి భర్తగా లోకమెఱుగుచున్నది. వైనతేయమీద 2000 సంవత్సరమున ప్రారంభమైన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరిడినది. పొలమునకు పోవు నీటిమీదను, పిల్లవాని పళ్లెముమీదను ఒక్క పేరే యుండుట ఎంత యుచితము! కాని సీతమ్మగారికి పూర్వమును పిదపను ప్రతి గ్రామమునందు అట్టి పని కొలదిగానో గొప్పగానో చేసి, పేరు లేక గతించిన యిల్లాండ్రు లెక్కకు మిక్కిలి.

మహాసభవారికి నాదొక్కటియే ప్రార్థన. రాబోవు సంవత్సరమున మన వంశవృక్షములను మఱల అచ్చొత్తింపనున్నారని వింటిని. ఆ గ్రంథమున ప్రతి పురుషుని పేరు ప్రక్కను అతని యిల్లాలి పేరును, ఆమె పుట్టినింటి పేరును, పుట్టిన యూరును వ్రాయింపుడు. ముసలివారు జీవించియుండగనే ఇంటింటికి పోయి అడిగి తెలిసికొనుడు, రేపటికి చెప్పువారుండరు. విరాళములిచ్చినవారి పేర్లకు ఈ సంచికలో పుటలు చాలినవి. అన్నము పెట్టినవారి పేర్లకు ఆ గ్రంథమున నొక్కొక్క పంక్తి చాలును.

స్వస్తి.