మా అవ్వ పొట్టావు, దాని లాగ్ ఫైలు

శుక్రవారం రాత్రి బెంగుళూరు నుంచి కుప్పంలో రైలు దిగి, రామకుప్పం చేరేసరికి ఇంట్లో అందరూ ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నారు. పెద్ద కుక్కంత ఎత్తున్న ఆవు, సోఫా పక్కన పడుకుని ఉంది. "పుంగనూరావంట్రా, లక్షల్లో పలకతా ఉందంట" అన్నాడు మా నాయన. నవ్వొచ్చింది, వెంటనే కాస్త బాధేసింది కూడా. ఎందుకంటే మా అవ్వకి అలాంటి పొట్టావు ఒకటుండేది (మరీ సోఫా పక్కన పట్టేంత పొట్టిది కాదు లెండి). దాన్ని అమ్మి జెర్సీని తెచ్చింది మేమే.

అవ్వ వద్దనే అంది. "కరువొస్తే పెద్దావును మేపేదెవుర్రా? ఇదైతే గట్టు మీద గరిక తిని బతికేస్తాది" అనేది. నాయన లెక్క వేరు. పాల కేంద్రంలో లీటర్లు పోయాలి, మా ఫీజులు కట్టాలి. ఆయన్ని తప్పుపట్టలేను, ఆ పాల డబ్బులతోనే నేను ఇంజనీరింగ్ చదివాను.

మా ఇల్లొక్కటే కాదు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక దేశమంతా పాల లెక్కే లెక్క. ఎదకొచ్చిన ఆవుకి సూది వేయిస్తే చాలు, జెర్సీ దూడో హోల్‌స్టీన్ దూడో పుడుతుంది. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, రోజుకి మూడు నుంచి అయిదు లీటర్ల పాలు అని చెప్పే పుంగనూరు ఆవు ఈ పోటీలో ఎక్కడ నిలుస్తుంది? చివరికి మేలిరకం ఆవుల్ని పదుల్లో లెక్కపెట్టే స్థితి వచ్చింది. పలమనేరు పశు పరిశోధనా స్థానంలో మందని కాపాడుకుంటూ వచ్చారు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. కేరళలో వెచూరు ఆవుదీ ఇదే కథ. 1989లో శోశమ్మ ఐప్ గారు విద్యార్థుల్ని వెంటేసుకుని ఊరూరా వెతికి దాన్ని నిలబెట్టారు.

సరే, అసలు విషయానికొస్తా. అవ్వ చెప్పింది నిజమేనా? ఈ ఆవు పొట్టిగా అయింది కరువు వల్లా, మనుషులు ఏరి ఏరి పెంచినందువల్లా, లేక ఉత్త యాదృచ్ఛికమా? ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆవు ఒంట్లోనే ఒక లాగ్ ఫైలుంది. అదే జీనోమ్.

దాన్ని చదివే పద్ధతి మనవాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది. ఒక జన్యువులో మంచి మార్పు వచ్చిందనుకోండి. ఆ మార్పున్న దూడల్నే రైతు ఉంచుకుంటాడు. మార్పుతో పాటు క్రోమోజోమ్‌లో దాని ఇరుగుపొరుగు ముక్కలు కూడా టికెట్ లేకుండా ప్రయాణం చేస్తాయి. 1974లో మేనార్డ్ స్మిత్, హేగ్ ఈ సంగతిని లెక్కలతో చూపించారు. తరాలు గడిచేకొద్దీ ఆ ముక్కలు తెగి కలగలిసిపోతాయి. అంతకుముందే మార్పు మందంతా పాకిపోతే, చాలా ఆవుల్లో ఒక పొడవాటి ముక్క అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపిస్తుంది. ఇక్కడెవరో ఎంపిక చేశారని అర్థం. గిట్ బ్లేమ్ లాంటిదే. కాకపోతే కమిట్ చేసినవాడి పేరుండదు, మెసేజ్ అసలే ఉండదు.

దీనికి మన ఒంగోలు గిత్తే మంచి ఉదాహరణ. బ్రెజిల్ వెళ్ళి అక్కడ 'నెలోర్' అయింది (మన నెల్లూరే!). అక్కడ గిత్తలు తక్కువ కాబట్టి, యూరప్ సంతతి నాటావుల మీదకి వదిలి తరతరాలుగా మంద పెంచారు. 2010ల్లో జీనోమ్ చూస్తే, పద్నాలుగో క్రోమోజోమ్ మీద ప్లాగ్1 అనే జన్యువు దగ్గర యూరప్ ఆవుల ముక్క ఒకటి దొరికింది. పశువుని ఎత్తుగా, బరువుగా చేసేది అది. బరువైనవాటినే ఏరుకుంటూ పోయినవాళ్ళు తమకి తెలియకుండానే ఆ ముక్కని మందలో పెంచేశారు. చూడ్డానికి అచ్చమైన ఒంగోలే, లాగ్ మాత్రం ఇంకో మాట చెప్తోంది.

మరి పుంగనూరుకీ ఇలాగే చదివేస్తే పోలా? ఇక్కడే చిక్కు. మంద పదుల్లోకి పడిపోతే దగ్గరి చుట్టాల మధ్యే సంతానం కలుగుతుంది. అప్పుడు ఎవరూ ఏరకపోయినా జీనోమ్‌లో పొడవాటి ఒకేలాంటి ముక్కలు వచ్చేస్తాయి. ఎంపిక గుర్తేదో, కొరత గుర్తేదో విడదీయడం కష్టం. సర్వర్ కాలిపోయాక ఒక్క పాత బ్యాకప్‌తో రీస్టోర్ చేసి, హిస్టరీ ఏదిరా అని వెతికినట్టు.

పైగా చదివే పనిముట్లూ మొదట్లో మనవి కావు. 2009లో అచ్చయిన ఆవు జీనోమ్ ఒక హెర్ఫర్డ్ ఆవుది, డోమినెట్ దాని పేరు. ఆ రోజుల్లో వచ్చిన చిప్‌లలో గుర్తులు ఎక్కువగా యూరప్ జాతుల్లో దొరికినవే. మూపురమున్న మన ఆవులో ఉన్న వైవిధ్యం వాటికి సగం కనపడదు. ఇంగ్లీషు కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే డబ్బాలు కనిపించేవి, గుర్తుందా? అదే తంతు. 2021లో హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 'ఇండిగౌ' చిప్ తెచ్చింది. 2024లో 'గౌ చిప్' విడుదలైంది. ఆలస్యమైనా మంచి పనే.

ఇక నా భయం చెప్తా. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో పుంగనూరు ఆవులు కనిపించాక గిరాకీ ఇంకా పెరిగింది. ఇప్పుడు ఎంత పొట్టైతే అంత ధర. అంటే కొత్త ఎంపిక మొదలైంది. కరువుకి తట్టుకోవడం, గట్టు మీద గరికతో పాలివ్వడం ఎవరూ కొలవడం లేదు, టేపుతో ఎత్తొకటే కొలుస్తున్నారు. పొట్టిదనం కోసం వేరే జాతి ఏదైనా కలిపితే, యాభై ఏళ్ళకి అది కూడా 'అచ్చమైన పుంగనూరు' అయి కూర్చుంటుంది. నెలోర్ లాగే. తేడా ఏంటంటే, పోల్చుకోవడానికి ఒంగోలు ఇంకా మన దగ్గరుంది. పాత పుంగనూరు వీర్యం, రక్తం నమూనాలు, ఈనిన లెక్కలు ఇప్పుడు దాచకపోతే రేపు దేనితో పోల్చుకుంటారు?

నాయన లీటర్లు చూసి ఎంచుకున్నాడు. ఇప్పటివాళ్ళు సెంటీమీటర్లు చూసి ఎంచుకుంటున్నారు. అవ్వ చూసింది మాత్రం కరువుని. ఆవిడ మాట నిజమో కాదో తేల్చే ఆధారం ఇంకా కొన్ని ఆవుల ఒంట్లో ఉంది. సంక్రాంతికి లక్షలు పోసి ఆవుని కొనే ఆలోచనలో ఉన్న మిత్రులారా, ఎత్తు అడిగే ముందు దాని తల్లి ఎవరో, తండ్రి ఎవరో రాసిన కాగితం అడగండి. కాగితం అడిగేవాళ్ళు నలుగురైతే, రాసేవాళ్ళు కూడా పుట్టుకొస్తారు.